గాయాలు లేని పొలం

ఆదివారం ఉదయం ఆరున్నర. తొమ్మిదో నంబరు కంటైనర్‌లో ఉమేశ్ శవం కనబడింది.

మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. దుప్పటి ఛాతీ దాకా కప్పి ఉంది. ఒంటి మీద ఉతికిన టీషర్టు, పైజామా. ముఖంలో బాధ లేదు. వయసు ఇరవై తొమ్మిది.

బ్రూఖ్‌జాల్ పట్టణానికి దగ్గరలోని బ్రెన్నర్ ఫామ్ అది. తెల్ల ఆస్పరాగస్ పండిస్తారు. జర్మనీలో దాన్ని స్పార్గెల్ అంటారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోత. కోతకు వచ్చినవాళ్ళు పొలం పక్కనే ఇనుప కంటైనర్లలో ఉంటారు. తొమ్మిదో నంబరు మాత్రం ఖాళీగా ఉంచారు. ఎవరికైనా కరోనా లక్షణాలు కనిపిస్తే అందులోకి పంపడానికి.

శవాన్ని చూసినవాళ్ళు ముగ్గురు. యజమాని బ్రెన్నర్. సూపర్‌వైజర్ అఖిల్. ఊరి డాక్టరు. మొదటి ఇద్దరూ గుమ్మం దాటలేదన్నారు. డాక్టరు లోపలికి వెళ్ళాడు. గ్లవ్స్ వేసుకున్న చేత్తో మెడ తాకి చూశాడు. అప్పటికే బిగుసుకుపోయి ఉంది. దుప్పటి తీయలేదు. సహజ మరణం, కరోనా అనుమానం అని రాసి వెళ్ళిపోయాడు.

2021 మే నెల. ఇండియాలో రెండో వేవ్. తెలుగువాళ్ళు ఫోన్ తెరిస్తే చావు కబురు. జ్వరంతో పోయాడంటే, ఆ నెలలో ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

అతని భార్య వేసింది.

*

స్నిగ్ధ ఈమెయిల్ మంగళవారం ఉదయం స్టుట్‌గార్ట్‌లో రాజ్యశ్రీ ముందుకు వచ్చింది.

రాజ్యశ్రీ వ్యవసాయ ప్రమాదాల బీమా సంస్థలో ఇన్‌స్పెక్టర్. పొలాల్లో జరిగే గాయాల జాడ తీయడం ఆమె ఉద్యోగం. తెగిన వేళ్ళు, నలిగిన పాదాలు, ట్రాక్టర్ మీంచి జారి విరిగిన నడుములు. ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది, ఎవరు చూశారు. అవి తెలిస్తేనే అదే మెషిన్ ఇంకొకరి చేతిని తినకుండా ఆపగలరు.

ఈమెయిల్‌లో ఒకటే వాక్యం. కరోనాతో ఫామ్‌లో చనిపోతే పనిలో చనిపోయినట్టేనా?

రాజ్యశ్రీ బ్రెన్నర్ ఫామ్ రికార్డు తెరిచింది. మూడు సీజన్లు. ప్రతి సీజన్‌కూ వందమందికి పైగా కార్మికులు. గాయాలు, సున్నా.

పక్క సీటులోని సహోద్యోగి తొంగి చూశాడు.

"మంచి ఫామ్‌లా ఉందే."

"వందమంది రోజంతా కత్తులు పట్టుకుని వంగి పని చేస్తారు," అంది రాజ్యశ్రీ. "మూడేళ్ళలో ఒక్క వేలూ తెగలేదు. నీ వంటింట్లో ఎన్ని తెగాయి?"

అతను తన బొటనవేలి ప్లాస్టర్ వైపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం ఎస్-బాన్ రైల్లో ఆమె బ్యోబ్లింగెన్ వెళ్ళింది. స్నిగ్ధ అపార్ట్‌మెంట్ కింద, పిల్లల పార్కు బెంచీ మీద కూర్చుని ఉంది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అవి ఏడ్చిన కళ్ళు కావు. ఎవరి మీదో కోపంగా ఉన్న కళ్ళు.

"మీరేనా మేడం? తెలుగు వస్తదా మీకు?"

"వస్తుందండీ. ఇక్కడే పుట్టాను. నాన్నగారిది బందరు."

"నేను ఇన్షూరెన్స్ కోసం రాయలే మేడం. వేరే ఎవరికి రాయాలో తెలువక మీకు రాసిన."

"మరి మీకేం కావాలి?"

"ఆయన నాకు అబద్ధమెందుకు చెప్పిండో తెలుసుకోవాలె."

స్నిగ్ధ ఒక ఐటీ కంపెనీలో ఇంజనీరు. ఉమేశ్ ఆమె వెంట జర్మనీ వచ్చాడు. రెస్టారెంట్‌లో పని దొరికింది. లాక్‌డౌన్‌లో రెస్టారెంట్ మూతపడింది. ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఏప్రిల్‌లో అఖిల్ ఫోన్ చేశాడు. మా ఫామ్‌లో మనుషులు కావాలె, వచ్చెయ్ రా అన్నాడు.

"అఖిలన్న, ఈయన హన్మకొండల ఒకే బెంచీ. నాకు సొంత అన్న లెక్క. ఇప్పుడు కూడా అన్నీ ఆయనే చూస్తున్నడు. తిన్నవా అని రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తడు."

"శనివారం ఏం జరిగింది?"

"పావు తక్కువ ఏడుకు ఈయన ఫోన్ చేసిండు. ఎట్లున్నవ్ అని అడిగిన. మంచిగున్న, ఆకలైతుంది అన్నడు. గంతే."

"గొంతు నీరసంగా ఉందా?"

"లేదు. నవ్విండు కూడా. కానీ ఐదింటికే జ్వరమొచ్చిందట. తనంతట తనే పోయి ఆ రూంల పడుకున్నడట. స్నిగ్ధకు చెప్పకు, భయపడతది అన్నడట. అఖిలన్న చెప్పిండు."

"వెనక ఏమైనా వినిపించిందా?"

"నీళ్ళ సప్పుడు. షవర్ దగ్గర నుంచి చేసిండేమో అన్నడు అఖిలన్న."

"కరోనా టెస్ట్?"

"నిన్న రిజల్ట్ వచ్చింది. నెగటివ్. ఇప్పుడు గుండె ఆగిందేమో అంటున్నరు."

ఊయల మీద ఎవరి పిల్లో అమ్మను జర్మన్‌లో పిలుస్తోంది.

"ఐదేండ్లు మేడం. బజార్ల కాలు జారినా వచ్చి చెప్పేటోడు. ఒక్క మాట దాచలే. చివరి మాట దాచిండు. జ్వరంతో కాలిపోతూ మంచిగున్న అన్నడు. నేను అప్పుడే కారేసుకుని పోయేదాన్ని కదా."

"దహనం ఎప్పుడు?"

"గురువారం తొమ్మిదింటికి. అపాయింట్‌మెంట్ అఖిలన్నే పట్టిండు. తొందరగా దొరకడమే ఎక్కువట ఇప్పుడు." ఆమె చేతులు ముడుచుకుంది. "అది కూడా అయిపోతే ఎవరినడగాలె? బూడిదనడిగితే ఏం చెప్తది?"

*

బుధవారం ఉదయం ఎనిమిదిన్నర. బ్రెన్నర్ ఫామ్.

పొలం పొడుగునా మట్టి కట్టలు. వాటి మీద నల్ల ప్లాస్టిక్ షీట్లు. ఎండకు అద్దాల్లా మెరుస్తున్నాయి. షీటు ఎత్తి, మట్టిలో వేలు పెట్టి, తెల్ల మొక్క తల తగిలిన చోట పొడవాటి కత్తి దించుతున్నారు. ఎక్కువమంది రుమేనియా నుంచి వచ్చినవాళ్ళు. కరోనా నిబంధనల ప్రకారం గుంపులుగా విడదీశారు. గుంపుకూ గుంపుకూ మధ్య ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది.

బ్రెన్నర్ అరవై ఏళ్ళ మనిషి. మర్యాదస్తుడు. మాస్కు సరిచేసుకుని ఎదురొచ్చాడు.

"మా ఫామ్‌లో ఇదే మొదటి విషాదం. అదీ జబ్బు వల్ల. ప్రమాదం కాదు."

"మూడేళ్ళుగా మీ దగ్గర ఏ ప్రమాదమూ లేదు."

"జాగ్రత్తగా ఉంటాం."

పక్కన అఖిల్ నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గడ్డం నాలుగు రోజులుగా గీయలేదు. రుమేనియన్, జర్మన్, ఇంగ్లీషు అన్నీ కలిపి మనుషుల్ని నడిపిస్తున్నాడు. రాజ్యశ్రీతో తెలుగులో మాట్లాడాడు.

"నమస్తే మేడం. స్నిగ్ధ చెప్పింది మీరొస్తరని. పాపం, నిద్రపోతలేదు పిల్ల."

ముగ్గురూ హాల్‌లోకి నడిచారు. పొలం నుంచి వచ్చిన స్పార్గెల్‌ను అక్కడ కడిగి, సైజు చూసి, కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేస్తారు. వాషింగ్ లైన్ హోరున తిరుగుతోంది. నేలంతా నీళ్ళు. బెల్టు పక్కన పదిమంది ఆడవాళ్ళు. ఒకామె చూపుడువేలికి టేపు చుట్టి ఉంది. రాజ్యశ్రీని చూసి చెయ్యి ఆప్రాన్ కిందకు తీసుకుంది.

"ఆమె వేలికేమైంది?"

"కిచెన్ల ఉల్లిగడ్డ కోస్తుంటే తెగిందట మేడం."

"ఆ పక్కామెకి?"

"ఆమెక్కూడ అంతే."

"ఉల్లిపాయలు గట్టిగానే తింటున్నారన్నమాట ఇక్కడ."

అఖిల్ నవ్వాడు. "మీ తెలుగు భలే ఉంది మేడం. మా నాయనమ్మ చూసే బ్లాక్ అండ్ వైట్ సినిమా లెక్క."

"మా నాన్నగారు అరవై తొమ్మిదిలో మూటకట్టి తెచ్చిన తెలుగు. మళ్ళీ రిపేరుకు ఇవ్వలేదు." ఆమె అదే గొంతుతో అడిగింది. "ఉమేశ్‌ని ప్రాణాలతో ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"శనివారం ఐదింటికి. జ్వరమన్నడు. తొమ్మిదో నంబరుకు పో అన్న."

"టెస్ట్ చేశారా?"

"కిట్లు అయిపోయినయ్."

"మళ్ళీ కలవలేదా?"

"ఏడింటికి ప్లేటు గుమ్మంల పెట్టొచ్చిన. తలుపు కొట్టి, దూరం జరిగిన."

"తిన్నాడా?"

"లేదు. పొద్దుగాల చూస్తే ప్లేటు అట్లనే ఉంది. తలుపు తీసిన. పిలిచిన. లేవలే."

"లోపలికి వెళ్ళారా?"

"లేదు మేడం."

"ముట్టుకున్నారా?"

"ఎట్ల ముట్టుకుంట? కరోనా అనుకున్నం కదా. తమ్ముడి లెక్క వాడు నాకు. గుమ్మంల నిలబడి చూసుడే అయింది. అదే తింటుంది నన్ను."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. రాజ్యశ్రీ అది గమనించింది. గమనించి ఇంకా అయోమయంలో పడింది.

వెళ్ళబోతూ గోడమీది కరెంటు ప్యానెల్ దగ్గర ఆగింది. మూత తీయించింది. లోపల వరసగా స్విచ్‌లు. ఏళ్ళ తరబడి తేమకూ మట్టికీ పసుపు తిరిగాయి. ఒక్కటి మాత్రం తెల్లగా ఉంది. కరెంటు లీకైతే క్షణంలో లైన్ మొత్తాన్ని ఆపేసే సేఫ్టీ స్విచ్ అది.

"ఇది కొత్తదా?"

"పోయినేడు మార్చాం," అన్నాడు బ్రెన్నర్.

ఆమె పక్క స్విచ్ మీద వేలితో రాసింది. వేలికి గోధుమరంగు బంక అంటుకుంది. తెల్ల స్విచ్ మీద రాసింది. ఏమీ అంటలేదు.

"అఖిల్ గారూ, మీరేం చదివారు?"

"ఈఈఈ మేడం, ఎలక్ట్రికల్. ఇక్కడ మాస్టర్స్. జాబ్ ఆఫర్ కూడా వచ్చింది. కరోనా వచ్చి ఆఫర్ పోయింది. వీసా నిలవాలంటే ఏదో ఒక పని ఉండాలె కదా. బ్రెన్నర్ సార్ పెట్టుకున్నడు. లేకుంటే ఎప్పుడో ఇంటికి పోదును."

*

జర్మనీలో దహనానికి ముందు ప్రభుత్వ వైద్యుడు శవాన్ని రెండోసారి పరీక్షించాలి. బుధవారం మధ్యాహ్నం మూడింటికి, శవాన్ని ఉంచిన క్రిమటోరియంలో ఆ పని జరిగింది. డాక్టర్ కెస్లర్ వచ్చాడు. రాజ్యశ్రీ అనుమతి తీసుకుని పక్కన నిలబడింది.

కెస్లర్ దుప్పటి తీయించాడు. బట్టలు తీయించాడు. రికార్డర్‌లో చెబుతూ పోయాడు.

"ఛాతీ మీద దెబ్బలు లేవు. తల బాగానే ఉంది. కుడి అరచేతిలో బూడిదరంగు మచ్చ. బఠాణీ గింజంత. అంచు గట్టిగా ఉంది. కత్తి పిడి వల్ల వచ్చిన బొబ్బ కావచ్చు. రెండు కాళ్ళ బొటనవేళ్ళకూ సన్నటి గీత. సాక్స్ గుర్తు."

రాజ్యశ్రీ ముందుకు వంగింది.

"డాక్టర్, సాక్స్ బిగుతు చీలమండ దగ్గర కదా. వేలికి ఉండదు."

"అయితే బూటు."

"ఈ గీత పైన ఉంది. కింద ఉంది. బయటివైపు ఉంది. రెండు వేళ్ళూ ఒకదానికొకటి ఎదురుగా ఉండే వైపు లేదు. బూటు ఆ వైపు మాత్రం వదిలేస్తుందా?"

కెస్లర్ టార్చి వేసి చూశాడు. "విచిత్రమే. కానీ చిన్న విషయం."

ఆమె కారిడార్‌లోకి వెళ్ళింది. స్టుట్‌గార్ట్‌లో ఉన్న తల్లికి ఫోన్ చేసింది. అర నిమిషం మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

"సంతకం పెట్టకండి."

"ఏమని రాయను? వేలి మీద గీత ఉందని దహనం ఆపలేను."

"రేపు ఎనిమిదింటికి ఫామ్‌కు రండి. అక్కడ కారణం చెబుతాను."

ఆమె మళ్ళీ ఫామ్‌కు వెళ్ళింది. ఈసారి ఆఫీసు వైపు వెళ్ళలేదు. ఎర్ర రిబ్బన్ ఇవతల నిలబడి, వేలికి టేపు చుట్టుకున్న డోయినాతో మాట్లాడింది. పది నిమిషాలు. తర్వాత పోలీసులకు ఫోన్ చేసింది.

*

గురువారం ఉదయం ఎనిమిది. వాషింగ్ లైన్ ఆపేశారు. హోరు ఆగితే హాల్ ఎంత పెద్దదో తెలిసింది.

పోలీసు అధికారి, కొమ్మిస్సార్ హోల్ట్స్ తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టర్ కెస్లర్ బెల్టుకు ఆనుకున్నాడు. బ్రెన్నర్ గడియారం చూసుకుంటున్నాడు. ఆడవాళ్ళు తడి చేతులతో గోడవారగా నిలబడ్డారు. స్నిగ్ధ లోపలికి వచ్చింది. ఉమేశ్ పనిచేసిన చోటు ఆమె చూడడం అదే మొదటిసారి.

అఖిల్ ఆమె వైపు గబగబా వచ్చాడు.

"ఇక్కడికెందుకొచ్చినవ్ చెల్లె? తొమ్మిదింటికి అక్కడ ఉండాలె కదా."

"మేడం రమ్మన్నది అన్నా."

రాజ్యశ్రీ డబ్బాలోంచి ఒక రబ్బరు బ్యాండ్ తీసింది. కట్టలకు వేసే మామూలు బ్యాండ్. తన రెండు చేతుల బొటనవేళ్ళూ పక్కపక్కన ఆనించి పెట్టింది. బ్యాండ్ రెండు చుట్లు తిప్పమని హోల్ట్స్‌ను అడిగింది. అతను తిప్పాడు. అందరూ ఎదురుచూశారు. కాసేపటికి తీసేసి వేళ్ళు విడదీసి చూపించింది.

"డాక్టర్, గీత ఎక్కడ ఉంది?"

"పైన. కింద. బయటివైపు."

"లోపలివైపు?"

"లేదు. అక్కడ వేలికి వేలు ఆని ఉంది." కెస్లర్ ఆగాడు. "అంటే అతని వేళ్ళు కలిపి కట్టారు."

"ఎందుకు?" అన్నాడు హోల్ట్స్.

రాజ్యశ్రీ జర్మన్‌లోనే చెప్పింది. నెమ్మదిగా.

"మా వాళ్ళలో మనిషి పోగానే, కాళ్ళు విడిపోకుండా రెండు బొటనవేళ్ళూ కలిపి కడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు చేసే మొదటి పని అది. ఈ జనవరిలో మా నాన్నగారు కరోనాతో పోయారు. హాస్పిటల్‌లో సంచి తెరవనివ్వలేదు. అమ్మ నన్ను ఒక్కటే అడిగింది, వేళ్ళు కట్టారా అని. నిన్న మళ్ళీ ఆమెకు ఫోన్ చేశాను. ఎప్పుడు కడతారు అని అడిగాను. ఒళ్ళు బిగుసుకోకముందే అంది."

ఆమె బ్యాండ్‌ను తిరిగి డబ్బాలో వేసింది.

"ఆదివారం ఉదయానికే ఉమేశ్ మెడ బిగుసుకుపోయి ఉందని మొదటి డాక్టరు చెప్పాడు. కాబట్టి వేళ్ళు ఎవరో శనివారం రాత్రే కట్టారు. ఆదివారం డాక్టరు రాకముందు విప్పేశారు. అంటే అతను చనిపోయాడని ఎవరికో శనివారమే తెలుసు."

"రుమేనియా వాళ్ళు కావచ్చుగా," అన్నాడు బ్రెన్నర్. "వాళ్ళకూ ఏవో ఆచారాలు ఉంటాయి."

"డోయినాను అడిగాను. వాళ్ళ ఊళ్ళో చీలమండల దగ్గర రిబ్బన్ కడతారు. చేతిలో కొవ్వొత్తి పెడతారు. బొటనవేళ్ళ సంగతి ఆమె వినలేదు. ఈ ఫామ్‌లో అది తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆ మంచం మీద ఉన్నారు."

స్నిగ్ధ తల తిప్పి అఖిల్‌ను చూసింది. వేరే ఎవరూ చూడనక్కర్లేకపోయింది.

"ముట్టుకోలేదన్నవ్ కదా అన్నా."

అతను నేల చూశాడు.

రాజ్యశ్రీ ఇప్పుడు తెలుగులో మాట్లాడింది. "మీరు చంపారని నేను అనుకోలేదు అఖిల్ గారూ. చంపినవాడు వేళ్ళు కట్టడు. ఏం దాచారా అని వెతికాను. ప్యానెల్‌లో పాత స్విచ్‌ల మధ్య ఒక్క కొత్త స్విచ్. ఉమేశ్ అరచేతిలో మచ్చ, కరెంటు లోపలికి వెళ్ళిన చోటు కావచ్చు. ఫోన్‌లో నీళ్ళ చప్పుడు. అది షవర్ కాదు. ఆ ఫోన్ ఇక్కణ్ణుంచే చేశాడు. ఈ మెషిన్ కడుగుతూ."

"జ్వరం?" అంది స్నిగ్ధ.

"డోయినా చెప్పింది. ఆరున్నర దాకా తన పక్కనే బెల్టు దగ్గర పనిచేశాడు. జోకులేశాడట. మిగతావాళ్ళు తిండికి వెళ్ళాక కడగడానికి తనొక్కడే ఆగాడు. జ్వరం లేదు."

స్నిగ్ధ బెల్టు అంచు పట్టుకుంది. వెంటనే వదిలేసింది.

అఖిల్ మొదలుపెట్టాడు. ఎవరూ అడగకముందే.

"ఆ స్విచ్ ఊకె పడిపోతుండె మేడం. నీళ్ళు తగిలితే చాలు. పడ్డప్పుడల్లా లైన్ ఆగుతది. ట్రక్కు బయట నిలబడి ఉంటది. నువ్వు ఇంజనీరువు కదా, ఏమన్నా చెయ్ అన్నడు సార్. వైరు పెట్టి బైపాస్ చేసిన. సీజన్ అయినంక సరిచేద్దామనుకున్న."

"ప్రమాదమని తెలియదా?"

"తెలుసు. నాకే తెలుసు. వాడికి తెలువదు. ముట్టుకుంటే చిమచిమలాడుతుందిరా అన్నడు రెండు రోజుల ముందు. చెప్పులేసుకో అన్న."

"శనివారం?"

"ఏడింటికి వచ్చి చూస్తే నీళ్ళల్ల పడున్నడు. మెయిన్ ఆపిన. పిలిచిన. సార్ వచ్చిండు. అయిపోయింది, ఇంక ఏం చేయలేం అన్నడు. బయటికి తెలిస్తే ఫామ్ మూస్తరు, వైరు పెట్టినందుకు నువ్వు జైలుకు పోతవ్, వీసా పోతది అన్నడు. ఇద్దరం మోసినం. బట్టలు మార్చిన. వైరు తీసేసి కొత్త స్విచ్ పెట్టిన. జ్వరమని చెప్పమన్నడు. ఇండియాల అందరూ గట్లనే పోతున్నరు కదా, నమ్ముతరు అన్నడు."

జర్మన్‌లో ఇదంతా రాజ్యశ్రీ తిరిగి చెప్పింది. బ్రెన్నర్ చివరిదాకా విన్నాడు.

"అతను ఇంజనీరు," అన్నాడు హోల్ట్స్‌తో. "వైరింగ్ సంగతి నాకేం తెలుస్తుంది? నన్ను అడక్కుండా చేశాడు. శవాన్ని నేను తాకలేదు."

అఖిల్ అతని వైపు చూశాడు. తనను నిలబెట్టిన మనిషి తనను వదిలేయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"కాళ్ళు మీరే పట్టుకున్నరు సార్," అన్నాడు. తెలుగులో. బ్రెన్నర్‌కు అర్థం కాలేదు.

స్నిగ్ధ ముందుకు వచ్చింది. అతనికి రెండడుగుల దూరంలో ఆగింది.

"నాడి చూసినవా?"

"చూసిన. గాబరల తెల్వలేదు."

"ఛాతీ ఒత్తినవా?"

"కొంచెంసేపు. సార్ ఆపమన్నడు."

"అంబులెన్స్‌కు ఫోన్ చేసినవా?"



"రాత్రంత అట్ల పడేస్తనా చెల్లె?" అన్నాడు అఖిల్. "అందరూ పండుకున్నంక పోయి కూసున్న వాని దగ్గర. కాళ్ళు పక్కకు పడిపోతుంటే చూడలేక కట్టిన. తెల్లారేదాకా కూసున్న."

"వేళ్ళు కట్టుడు యాదికొచ్చింది," అంది స్నిగ్ధ. "ఫోన్ చేసుడు యాదికి రాలే."

ఆమె గొంతు పెంచలేదు.

"నాలుగు రోజులు నువ్వు నాకు ఫోన్ చేసి తిన్నవా అన్నవ్. నేను తిన్న. ఆయన మీద కోపంతోని తిన్న. చెప్పలే, మోసం చేసిండు అనుకుంట తిన్న. నువ్వు వినుకుంట ఉన్నవ్."

అఖిల్ చేతులు జోడించాడు. ఆమె చూడకుండా తప్పుకుంది.

*

కెస్లర్ అక్కడే, హాల్ బయట నిలబడి ప్రాసిక్యూటర్‌తో మాట్లాడాడు. దహనం ఆగింది. శవాన్ని ఫోరెన్సిక్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. హోల్ట్స్ బ్రెన్నర్‌నూ అఖిల్‌నూ వేర్వేరు కార్లలో ఎక్కించాడు. రాజ్యశ్రీ ప్యానెల్ మూసి సీలు వేసింది. తెల్ల స్విచ్‌తో సహా.

సీలు వేసి వెనక్కి తిరిగితే డోయినా నిలబడి ఉంది. వేలికి చుట్టిన టేపు విప్పింది. గోరు సగం లేదు. ఆమె వెనక ఇంకొకామె మణికట్టు చూపించింది, కాలిన మచ్చ. ఆ వెనక పొలం నుంచి వచ్చిన మగవాడు, పాదం నేలకు ఆనించలేక గోడ పట్టుకుని. డాక్టరు దగ్గరికి పోవాలంటే వంటింట్లో తగిలిందని చెప్పమన్నారట. చెప్పినవాడు సూపర్‌వైజరే. చెప్పమన్నవాడు యజమాని. రాజ్యశ్రీ స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక్కొక్కరినే అడిగింది. ఎక్కడ, ఎలా, ఎవరు చూశారు.

స్నిగ్ధ బయట మెట్టు మీద కూర్చుని ఎదురుచూసింది. ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు.

రెండింటికి ఇద్దరూ కారులో ఇన్‌స్టిట్యూట్‌కు బయలుదేరారు. దారిలో స్నిగ్ధ ఒకే ఒక మాట అడిగింది.

"మంచిగున్న అన్నప్పుడు, నిజంగనే మంచిగున్నడా మేడం?"

"బాగానే ఉన్నాడు. ఆకలిగా ఉన్నాడు."

ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గర గార్డు ఆపాడు. కరోనా నిబంధనలు. బంధువులకు ప్రవేశం లేదు. ఇన్‌స్పెక్టర్ ఒక్కరే లోపలికి వెళ్ళొచ్చు. రాజ్యశ్రీ అతనితో వాదించింది. అతను తల అడ్డంగా ఊపాడు. పాపం, అతని చేతిలోనూ ఏం లేదు.

"పర్వాలేదు," అంది స్నిగ్ధ. "మీరు పోండి."

రాజ్యశ్రీ రెండడుగులు వేసింది.

"మేడం."

ఆగింది.

"నాలుగు రోజులు మస్తు తిట్టిన ఆయనను. ఫోటో ముందల కూసోని తిట్టిన. అవన్నీ ఎనుకకు తీసుకున్న అని చెప్తరా?"

రాజ్యశ్రీ తల ఊపింది.

లోపల చల్లగా ఉంది. మనుషులందరూ మాస్కుల్లో ఉన్నారు. డాక్టర్లు పరికరాలు సర్దుకుంటున్నారు. ఆమె ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళు. ఎన్నో శవాల పక్కన నిలబడింది. అన్నీ చూసింది. ఏ శవంతోనూ మాట్లాడలేదు.

ఒక్క నిమిషం ఆగమని డాక్టర్లను అడిగింది. బల్ల దగ్గరికి వెళ్ళింది. అతని తల వైపు వంగింది.

స్నిగ్ధ చెప్పిన మాటలు, స్నిగ్ధ చెప్పినట్టే, హన్మకొండ తెలుగులోనే చెప్పింది.